మాట్లాడే కెమెరా

మా బోరు మోటరు కేబుల్ ఎవరో కోసుకుపోయిన రోజు పొద్దున స్టార్టరు డబ్బా మీద ఒక పచ్చి కొమ్మ ఉంది. కొమ్మ ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టి ఉంది.

బా ముందు కేబుల్ చూశాడు, తర్వాత కొమ్మ చూశాడు. మా తండాలో నాన్నను బా అంటాం, అమ్మను యాడి అంటాం. బా రాయి తీయబోతుంటే యాడి చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు. ఏం చేసి పెట్టిండ్రో ఏమో."

అప్పటికే మా బద్యా కాకా వచ్చాడు. ఎవరింట్లో ఏం జరిగినా అందరికంటే ముందు వచ్చేది ఆయనే. కొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"వాగు అవతలోళ్ల పనే అన్నా. కేబుల్ తీస్కపోయి మీదికెళ్లి మంత్రం పెట్టి పోయిండ్రు. నీళ్లు పోసి పెంచినవ్ గద, అనుభవించు."

యాడి కట్టెతో కొమ్మను కింద పడేసి, ఉప్పు, ఎండు మిరపకాయలు వేసి కాల్చింది. ఆ ఘాటుకు అందరం దగ్గాం.

మా ఇల్లు తండా చివర, చేను గట్టు మీద ఉంటుంది. ఇంటి వెనక మిరప చేను, చేను చివర బోరు, దాని పక్కన సిమెంటు తొట్టి. బోరు అవతల వాగు. వాగు దాటితే అడవే. మా తాత వాళ్లు తల్లాడ దిక్కు నుంచి ఇక్కడికి వచ్చి ఈ నేల సాగు చేసుకున్నారు. వాగు అవతల గుడిసెల వాళ్లు పోయిన ఏడు ఛత్తీస్‌గఢ్ దిక్కు నుంచి వచ్చారు. మిరప కోతకు మా చేలోకి వచ్చేది వాళ్లే. వాళ్లకు బోరు లేదు. ఆడవాళ్లు తెల్లవారుతుండగా బిందెలతో వచ్చి మా తొట్టిలో నీళ్లు ముంచుకుపోయేవాళ్లు. తీసుకోండని యాడి వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. వద్దని బా కూడా చెప్పలేదు. వాళ్లు వచ్చే వేళకు బా బర్రెల దగ్గర ఉండేవాడు, ఇటు చూసేవాడు కాదు.

దేవే ఆ గుడిసెల పిల్లే. మా బడిలో నా పక్కన కూర్చుంటుంది. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. చెప్పలేనివి ఇంటికి వచ్చి రాసుకుంటాను. దేవేకు తెలుగు సరిగా రాదు కాబట్టి తను కూడా మాట్లాడదు. ఇద్దరం మాట్లాడకుండా కూర్చుంటే మాకు బాగుండేది. అట్లనే స్నేహం అయింది. తర్వాత తను నాతో తెలుగు నేర్చుకుంది. ఇప్పుడు నాకంటే తనే ఎక్కువ మాట్లాడుతుంది.

దేవే వాళ్ల అవ్వ పేరు జంపక్క. జనవరి ఇరవై ఆరున జెండా పండుగకు మా సార్లు మైకు తెప్పించారు. జంపక్క మనవరాలి డాన్సు చూడడానికి బడి గేటు దాకా వచ్చింది. సారు మైకు పట్టుకుని "హలో, హలో" అనగానే వెనక్కి తిరిగి గబగబా వెళ్లిపోయింది.

"మా అవ్వకు మైకంటే బయం" అని దేవే నవ్వింది. "ఇంతకుముందు మేం ఉన్న కాడికి జీపు వచ్చింది. మైకుల లేవండి, పోండి అన్నరు. తెల్లారి గుడిసెలు పీకిండ్రు. ఇప్పుడు యాడ మైకు ఇన్నా మూట కట్టుకుంటది."

నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు దేవే డాన్సు బాగా చేసింది. చూడడానికి వాళ్ల అవ్వ మాత్రం లేదు.

కేబుల్ పోయాక బా అప్పు తెచ్చి కొత్తది వేయించాడు. వారం తిరగకముందే స్టార్టరు డబ్బా మీద మళ్లీ పచ్చి కొమ్మ, మళ్లీ రాయి. యాడి మళ్లీ కాల్చింది. కొన్నాళ్లకు ఇంకొకటి.

"మళ్లొస్తమని చెప్తున్నరు" అన్నాడు బద్యా కాకా.

ఆ మాట బాకు గుచ్చుకుంది. మిరపకు ఇంకా రెండు తడులు కావాలి. ఇంకోసారి కేబుల్ పోతే కాయ ముడుచుకుపోతుంది. తొట్టికి తడికె కట్టి, వాళ్లను రానీయొద్దని కాకా అన్నాడు. బా బీడీ కాల్చి, "ముందు ఎవరో తెలువనియ్యి. కెమెరా పెడ్తా. దాంట్ల వాళ్లు కనపడితే అప్పుడు నీళ్లు బంద్" అన్నాడు.

కాకా పడీపడీ నవ్వాడు. "ఇంటి తలుపుకే గొళ్లెం లేదు, కెమెరాలంట! ఊళ్లె అందరూ మీ ఇంటికి ఫోటో దిగనీకి వస్తరు."

నాకు నవ్వు రాలేదు. వాగు ఎండిపోతోంది. మా తొట్టి లేకపోతే వాళ్లు వాగులో చెలమ తవ్వుకుని తాగాలి. పోయిన ఎండాకాలం ఆ నీళ్లు తాగి దేవే చిన్న తమ్ముడు దవాఖానాలో పడ్డాడు. నీళ్లు బంద్ అయితే వాళ్లు ఇక్కడ ఉండలేరు. వాళ్లు లేచిపోతే దేవే కూడా పోతుంది. కెమెరా కొంటే జరిగేది ఇదేనని నాకు తెలుసు. బా ఆ కెమెరా కొనడానికి నన్నే తీసుకుపోయాడు. ఫోనులో వచ్చేవన్నీ ఇంట్లో చదవగలిగేది నేనే మరి.

భద్రాచలంలో బస్టాండు దగ్గరి సందులో ఉంది ఆ దుకాణం. యజమాని పేరు వెంకటకృష్ణ. గోడ నిండా కెమెరాలే. ఎటు జరిగినా ఏదో ఒక టీవీలో మేం కనపడుతున్నాం. బా తన తువ్వాల సర్దుకున్నాడు.

"ఇల్లు యాడన్నా? కరెంటెట్ల? నెట్టుందా?" అని అడిగాడు ఆయన.

మొదట నాలుగు కెమెరాల సెట్టు చూపించాడు. వైర్లు, రికార్డు అయ్యే డబ్బా, అన్నీ కలిపి ఒక పెట్టె. కరెంటు పోతే ఎట్లా అని నేను బా చెవిలో అడిగాను. బా దాన్నే గట్టిగా అడిగాడు.

"కరెంటు పోతే అదీ పోతదన్నా."

"మా దిక్కు కరెంటు ఉన్నప్పుడు దొంగలు రారు సారూ" అన్నాడు బా. ఆయన ఆ పెట్టె పక్కకు పెట్టాడు.

తర్వాత వైఫై కెమెరా తీశాడు. మా తండాలో వైఫై లేదని నేను మళ్లీ చెవిలో చెప్పాను. ఆఖరికి సిమ్ కార్డుతో నడిచేది తీశాడు. పైన చిన్న సోలార్ పలక, లోపల మెమరీ కార్డు. ముందు ఏది కదిలినా ఫోనుకు గంట కొడుతుంది. అందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఉత్తగా చూసేది. ఇంకొకటి కొంచెం ఎక్కువ ధర, దానికి సైరన్ ఉంది, మాట్లాడే స్పీకరు ఉంది.

"ఇదైతే మీరు మంచంల కూసోనే దొంగను తిట్టొచ్చు. ఫోన్ల గీ మైకు బొమ్మ నొక్కి పట్టుకోని మాట్లాడితే ఆడ వినపడ్తది. పాపా, ఏదన్నా మాట్లాడు చూద్దాం."

ఫోను నా చేతికి ఇచ్చాడు. నాకు నోరు పెగల్లేదు. బా తీసుకుని "హలో" అన్నాడు. మూలన ఉన్న కెమెరా "హలో" అని అరిచింది. బా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందిది, నా గొంతేనా? పోలీసాయన లెక్క ఉంది!"

దుకాణంలో అందరూ నవ్వారు. బా కూడా నవ్వాడు. కేబుల్ పోయాక బా నవ్వడం అదే మొదటిసారి.

"మాకు మాట్లాడేది ఒద్దులే. ఉత్తది చాలు, రెండియ్యండి, ఇంటికొకటి, మోటరుకొకటి" అన్నాడు బా.

నేను బా చొక్కా పట్టుకుని లాగాను. "మోటరుకు మాట్లాడేది కావాలె" అన్నాను. చెవిలో కాదు, బయటికే అన్నాను.

బా నా వైపు చూశాడు. "ఎందుకు బిడ్డా?"

"మంచిగుంటది."

అంతకంటే చెప్పలేకపోయాను. నేను అనుకున్నది వేరు. జంపక్క ఎదురుగా నిలబడి నేను ఏమీ చెప్పలేను. ఇంట్లో కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా అయితే చెప్పగలను. భయపడకండి, నీళ్లు తీసుకోండి, మా బా కోపం మీ మీద కాదు అని. నేను మాట్లాడడానికి అది ఒక్కటే దారి అనిపించింది.

"మా బిడ్డ నోరు తెరిసి అడిగింది సారూ. అదే ఇయ్యండి" అన్నాడు బా.

ఒక కెమెరా మిరపకాయలు ఆరబోసే కళ్లం కనపడేటట్టు ఇంటి చూరుకు బిగించారు. రెండోది, మాట్లాడేది, బోరు పక్కన స్తంభానికి. దాంట్లో స్టార్టరు డబ్బా ఒక్కటి పడితే చాలని నేను అన్నాను. తొట్టి కూడా పడాలని బా నిచ్చెన మీదే ఉండి తిప్పాడు. ఫోనులో తొట్టి అంచు, నీళ్లు, వాగు దారి అన్నీ కనపడ్డాయి.

ఆ తర్వాత రెండు మూడు రోజులు తొట్టి దగ్గరికి ఎవరూ రాలేదు. కుక్క వచ్చినప్పుడు, అడవి కోడి వచ్చినప్పుడు ఫోను మోగేది. బా ఉలిక్కిపడి చూసేవాడు.

"మీ మోటరు కాడ కన్ను పెట్టిండ్రంట గద" అంది దేవే బడిలో. తన పెదాలు పగిలి ఉన్నాయి. "మా వాళ్లు చెలమ తోడుతున్నరు. మా అవ్వ మాత్రం వస్తనంటది. మనం దొంగలం కాదు గద, కన్నుకు ఎందుకు బయం అంటది."

ఒంటిపూట బళ్లు నడుస్తున్నాయి. ఆ మధ్యాహ్నం ఇద్దరం బడి వెనక తునికి పండ్లు ఏరాం. ఓణీలో పట్టనన్ని దొరికాయి. చెట్టు కింద కుప్ప పోసి, నీళ్లు తాగడానికి చేతిపంపు దగ్గరికి పోదామని లేచాం. దేవే ఒక చిన్న తునికి కొమ్మ విరిచి కుప్ప మీద పెట్టింది. దాని మీద ఒక రాయి పెట్టింది.

నేను అక్కడే నిలబడిపోయాను.

"అదెందుకు?"

"ఇది ఒకరిదని గుర్తు. మా వాళ్లల్ల గింతే. కట్టెలైనా, ఇప్పపువ్వైనా. కొమ్మ ఉంటే ఎవ్వరూ ముట్టరు."

"మా మోటరు డబ్బా మీద…"

"మా అవ్వ పెడ్తది." దేవే చాలా మామూలుగా చెప్పింది. "కేబుల్ కోసినట్టు ముందు చూసింది అవ్వనే. కోసినోళ్లు మళ్లొస్తరని బుగులు. ఈ దిక్కు ఎవరొచ్చినా కొమ్మ చూసి ఆగుతరని. ఎండినా, పడిపోయినా కొత్తది పెడ్తది. మీ నీళ్లు తాగుతున్నం గద."

మేం ఆ కొమ్మల్ని ఉప్పు, మిరపకాయలతో కాల్చామని దేవేకు చెప్పలేదు.

ఇంటికి వచ్చి బాకు చెప్పాలి. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. కానీ వాకిట్లో బద్యా కాకా మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నేను తల వంచుకునే మొదలుపెట్టాను. కొమ్మ, రాయి, గుర్తు. సగంలోనే కాకా నవ్వాడు.

"వారెవా! ఆకు చూసి దొంగ ఆగిపోతడా? కొమ్మ కాపలా కాస్తే ఇగ కెమెరా ఎందుకు కొన్నవన్నా, నాల్గు కొమ్మలు కొట్టుకోకపోయినవా?"

బా మాత్రం నవ్వలేదు.

"అవ్ బిడ్డా, గా ముసల్దేనా పెట్టేది? నిజమేనా?"

"అవ్" అన్నాను.

"చూద్దాం. కెమెరా చూపిస్తది గద."

మర్నాడు తెల్లవారుతుండగా ఫోను మోగింది. బా బర్రె పాలు పితుకుతున్నాడు. చేతులు ఖాళీ లేవు. "చూడు బిడ్డా ఎవరో" అన్నాడు. తెరిచాను. జంపక్క. చంకలో సత్తు బిందె, చేతిలో పచ్చి కొమ్మ. ముందు తొట్టి దగ్గరికి పోలేదు, స్టార్టరు డబ్బా దగ్గరికే పోయింది. ఖాళీ డబ్బా మీద కొమ్మ, దాని మీద రాయి పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో కదిపి చూసింది. నిద్రపోయే పిల్ల మీద దుప్పటి సర్దినట్టు ఉంది ఆ పని.

బా పాలచెంబు కింద పెట్టి నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది.

జంపక్క బిందె తీసుకుని తొట్టి వైపు నడిచింది. తొట్టి దగ్గర ఆగి కెమెరా వైపు ఒకసారి చూసింది. ఎదురింట్లో ముసలమ్మ మన ఇంటి వైపు చూసినట్టు, అంతే. బిందె ముంచాలా వద్దా అని ఆగింది. ఇదే సమయం అనుకున్నాను. మైకు బొమ్మ నొక్కి పట్టుకున్నాను. నా గుండె కొట్టుకునే చప్పుడు కూడా అందులోంచి పోతుందేమో అనిపించింది.

"అవ్వా" అన్నాను. "బయపడకు. నీళ్లు తీసుకో. రోజూ రా."

మొత్తం మాట ఆగకుండా చెప్పాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

జంపక్క కదలలేదు. తర్వాత చుట్టూ చూసింది. వాగు వైపు, చేను వైపు, దారి వైపు. మనిషి ఎవరూ లేరు. మెల్లగా తల ఎత్తి స్తంభం వైపు చూసింది. బిందె కింద పెట్టింది. స్తంభానికి రెండు చేతులెత్తి మొక్కింది. ఒకసారి కాదు, వంగి వంగి మొక్కింది. ఏదో చెబుతోంది, వాళ్ల భాష, నాకు అర్థం కాలేదు. అట్లా మొక్కుతూనే వెనక్కి నడిచి వాగులోకి దిగిపోయింది. బిందె తొట్టి దగ్గరే ఉండిపోయింది.

"ఎందుకు మొక్కింది?" అని అడిగాడు బా.

"తెలువదు."

బా ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు. "మనం కాల్చినం గద బిడ్డా అవన్నీ" అన్నాడు. తర్వాత, "పాలు ఇచ్చొచ్చినంక పోదాం. బిందె నింపుకోని పోదాం. నేనే చెప్తా" అన్నాడు. యాడి ఆ మాట విని ఒక సంచిలో మిరపకాయలు, కొంచెం ఉప్పు కట్టి ఇచ్చింది. ఈసారి కాల్చడానికి కాదు, కూరకు.

ఆ పొద్దునే ఇంకో బర్రెకు నొప్పులు మొదలయ్యాయి. దూడ అడ్డం తిరిగి, ఈనేసరికి సాయంత్రమైంది, ఆ రోజు పోలేకపోయాం. మర్నాడు బడిలో నా పక్కన చోటు ఖాళీగా ఉంది. హాజరు పిలిచేటప్పుడు సారు దేవే పేరు రెండుసార్లు పిలిచాడు.

బడి నుంచి వచ్చేసరికి బా బిందె నింపి పెట్టాడు. భుజం మీద పెట్టుకుని ముందు నడిచాడు. నేను సంచి పట్టుకున్నాను. వాగులో చెలమ సగం పూడి ఉంది. గట్టు ఎక్కాక బా ఆగిపోయాడు.

గుడిసెలు లేవు. పైకప్పు తాటాకు లేదు, గుంజలు కూడా లేవు. గుంజలు పీకిన గుంటలు మాత్రం ఉన్నాయి. పొయ్యిరాళ్ల మధ్య బూడిద ఇంకా నల్లగా ఉంది. ఒక కోడిపిల్ల ఒంటరిగా అరుస్తూ తిరుగుతోంది.

పక్క ఊరి గంగయ్య తాత ఆవులు మేపుతూ చెట్టు కింద కూర్చున్నాడు. ఆయనకు వాళ్ల భాష వచ్చు.

"ఏరి తాతా వీళ్లు?" అని అడిగాడు బా.

"నిన్ననే పోయిండ్రు హాతీరాం. మీ మోటరు కాడ మైకుల చెప్పిండ్రంట గద, లేసిపొమ్మని."

"ఎవరు చెప్పిండ్రు? ఏ మైకు?"

"నాకేం ఎరుక. జంపక్క ఉరికొచ్చింది. స్తంభంల నుంచి మాట వచ్చింది, ఆర్డరు వచ్చింది అన్నది. పోయిన ఏడు గట్లనే మైకుల చెప్పి తెల్లారి గుడిసెలు పీకిండ్రు గద. ఈసారి పీకకముందే గుంజలు తీస్కపోదాం, యాడన్నా పనికొస్తయన్నరు."

"యాడికి పోయిండ్రు?"

గంగయ్య తాత అడవి వైపు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపినంత మేరా చెట్లే ఉన్నాయి.

"ఏం మాట వచ్చిందంట?" అని అడిగాను నేను. నా గొంతు నాకే వినపడలేదు. బా మళ్లీ అడిగాడు.

"ముసల్దానికి తెలుగు యాడ సమజైతది? మాట ఇన్నది, గంతే."

బా బిందె దించాడు. నీళ్లు కొంచెం ఒలికి ఎండిన నేలలోకి ఇంకిపోయాయి. బా నన్ను ఏమీ అనలేదు. ఒక్క మాట అన్నా బాగుండేది. ఖాళీ గుంటల మధ్య అటూ ఇటూ తిరిగి, ఆ కోడిపిల్లను పట్టుకుని తువ్వాలలో చుట్టుకుని, బిందె మళ్లీ ఎత్తుకున్నాడు. వాగు దాటుతున్నప్పుడు ఒకసారి, "దుకాణంల నేనన్న గద, పోలీసాయన లెక్క ఉందని" అన్నాడు. అంతే.

ఆ నెల కోతకు మనుషులు దొరకలేదు. బద్యా కాకా వాళ్ల ఇంటి వాళ్లు వచ్చారు కానీ సగం కాయ చెట్టు మీదే ఎండిపోయింది. కేబుల్ ఎవరూ ముట్టలేదు. కెమెరా తీసేద్దామా అని యాడి అడిగితే, "ఇప్పుడు ఎవరి కోసం తియ్యాలె?" అన్నాడు బా. బడిలో దేవే పేరు పిలవడం సారు మానేశాడు.

స్టార్టరు డబ్బా మీద జంపక్క పెట్టిన ఆఖరి కొమ్మ ఉంది. యాడి దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆకులు ముందు ముడుచుకున్నాయి, తర్వాత గోధుమ రంగుకు వచ్చాయి, తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి. రాయి కింద పుల్ల మిగిలింది.

ఒక సాయంత్రం నేను వాగు గట్టున ఒక తునికి కొమ్మ విరిచాను. జంపక్క సత్తు బిందె కూడా పట్టుకుపోయాను. వాళ్లలో ఎవరైనా దారి మళ్లి వస్తే కనపడేటట్టు, నింపి తొట్టి గట్టు మీద పెడదామని. పుల్ల తీసేసి పచ్చి కొమ్మ పెట్టాను. రాయి కదిపి చూశాను. తొట్టి దగ్గరికి వచ్చి బిందె ముంచబోయాను.

"ఎవరది?" అంది స్తంభం.

చుట్టూ చూశాను. చేను ఖాళీగా ఉంది. దారి ఖాళీగా ఉంది. ఎవరూ లేరు.

"ఎవరది, తొట్టి కాడ?"

మా బా గొంతే అది. ఇంట్లో మంచం మీద కూర్చుని, మసక వెలుగులో నన్ను గుర్తు పట్టక అడుగుతున్నాడు. అది నాకు తెలుసు. కెమెరాను నేనే ఎంచుకున్నాను, అందులోంచి మాట ఎట్లా వస్తుందో నాకు తెలుసు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను. నేనే బా అని చెబుదామంటే నోరు రాలేదు.

నేను కూడా బిందె కింద పెట్టేశాను.